పోర్టో గెలుపు గాలివాటం కాదు

మొన్న మధ్యాహ్నం భోజనాల దగ్గర మా టీములో కుర్రాడొకడు (వీడు పుట్టిందే 2001లో) ఫుట్‌బాల్ కబుర్లు చెబుతూ చెబుతూ, "అన్నా, 2004లో ఎవడో పోర్టో అంట కదా, గాలివాటంగా ఛాంపియన్స్ లీగ్ కొట్టేశారంట" అన్నాడు. నాకు చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. ఎవడో పోర్టో ఏంట్రా! వాడికి అక్కడే అరగంట క్లాసు పీకాను. పెరుగన్నం దాకా వచ్చేసరికి వాడి మొహంలో నీరసం కనిపించి ఆపేశాను. చెప్పకుండా మిగిలిపోయింది ఇక్కడ రాస్తున్నాను. చాలా రోజులైంది కూడా ఈ బ్లాగు దుమ్ము దులిపి.

క్రికెట్టు తప్ప వేరే ఆట ఎందుకు పుట్టిందా అనుకునేవాళ్ళు కూడా చదవచ్చు. ఇందులో ఆట కన్నా లెక్క ఎక్కువ, లెక్క కన్నా మన ఆఫీసుల గోల ఎక్కువ.

ముందు తెలియనివాళ్ళకి నాలుగు ముక్కలు. యూరప్‌లో ఏ దేశం లీగు ఆ దేశానికి ఉంటుంది. ఆ లీగుల్లో పైన నిలిచిన క్లబ్బులన్నిటినీ పోగేసి ఆడించేది ఛాంపియన్స్ లీగ్. నడిపేది యూఏఫా అనే సంస్థ. 2003-04లో 32 జట్లు ప్రధాన పోటీకి వచ్చాయి. నాలుగేసి జట్లు ఎనిమిది గ్రూపులు. గ్రూపులో ఒక్కో జట్టుకి 6 మ్యాచులు. మొదటి రెండు జట్లు ముందుకి, మిగతావి ఇంటికి (మూడోవాళ్ళకి యూఏఫా కప్పు అనే ఓదార్పు ఉండేది). ఇంతవరకూ కొత్తేమీ లేదు.

కొత్తదల్లా ఆ తర్వాతది. అంతకుముందు నాలుగు సీజన్లు, అంటే 1999-2000 నుంచి 2002-03 దాకా, మిగిలిన 16 జట్లని మళ్ళీ నాలుగు గ్రూపులు చేసి మళ్ళీ ఆరేసి మ్యాచులు ఆడించేవాళ్ళు. రెండో గ్రూపు దశ అన్నమాట. కప్పు కొట్టాలంటే మొత్తం 17 మ్యాచులు. ఆటగాళ్ళు అలిసిపోతున్నారని, సగం మ్యాచులు చప్పగా ఉంటున్నాయని గొడవ జరిగి 2003-04 నుంచి దాన్ని ఎత్తేశారు. దాని బదులు 16 జట్లకీ నేరుగా నాకౌట్. ఇంట్లో ఒకటి, ఎదుటివాడి ఊళ్ళో ఒకటి, రెండింటి గోల్సూ కలిపి ఎక్కువ ఎవరివైతే వాళ్ళు ముందుకి. 17 మ్యాచులు 13కి దిగాయి. పెద్ద క్లబ్బులకి ఇది నచ్చలేదు. నాలుగు మ్యాచులు తగ్గాయంటే నాలుగు మ్యాచుల టీవీ డబ్బులు తగ్గినట్టే కదా.

చూడ్డానికి చిన్న మార్పే. మనం కోడులో ఒక్క కాన్ఫిగరేషన్ విలువ మార్చి, "ఏం కాదులే" అనుకుని శుక్రవారం సాయంత్రం ప్రొడక్షన్‌కి పంపిస్తాం చూడండి, అలాంటి మార్పు. ఆ తర్వాత ఏమైందో చూడండి మరి.

కొంచెం లెక్క. అన్నిటికన్నా బలమైన జట్టు ఒక్కో నాకౌట్ రౌండు దాటడానికి నూటికి 75 పాళ్ళు అవకాశం ఉందనుకుందాం (నేను ఊరికే అనుకున్న అంకె, ఎవరి పరిశోధనా కాదు). ప్రీక్వార్టర్, క్వార్టర్, సెమీస్, ఫైనల్, మొత్తం నాలుగు గడపలు. 0.75ని నాలుగుసార్లు హెచ్చవేస్తే 0.32 దరిదాపుల్లో వస్తుంది. అంటే అందరికన్నా బలవంతుడు కూడా మూడింట రెండొంతులు కప్పు ఎత్తడు. ఆ మూడింట రెండొంతుల్లో ఎవరో ఒకరు ఎత్తాలి కదా, దాన్ని మనం "సంచలనం" అంటాం. లెక్కల వాళ్ళు "శాంపిల్ సైజు తక్కువ" అంటారు. అదే గ్రూపు దశలో అయితే ఒక రాత్రి కాళ్ళు కదలకపోయినా ఇంకో ఐదు రాత్రులుంటాయి దిద్దుకోడానికి. మ్యాచులు పెరిగేకొద్దీ ఉన్నవాడిదే పైచెయ్యి. పెద్ద క్లబ్బులు ఎక్కువ మ్యాచులు కావాలని ఎందుకు పోరుతాయో ఇప్పుడు అర్థమైంది కదా. టీవీ డబ్బులు ఒక కారణం. ఇది రెండోది, ఎవరూ పైకి చెప్పనిది.

అదే ఏడు దీనికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదనిపించేది ఒకటి జరిగింది. 2003-04లో ఆర్సెనల్ ఇంగ్లండ్ లీగులో 38 మ్యాచులు ఆడి ఒక్కటి కూడా ఓడలేదు. ఒక్కటి కూడా! ఆ సీజన్లో చెల్సీని లీగులో రెండుసార్లు, ఎఫ్ఏ కప్పులో ఒకసారి ఓడించింది. మూడూ 2-1 తేడాతోనే. ఛాంపియన్స్ లీగ్ క్వార్టర్స్‌లో మళ్ళీ అదే చెల్సీ ఎదురైంది. మొదటిది 1-1. రెండోది ఆర్సెనల్ సొంత గడ్డ మీద, 87వ నిమిషంలో వేన్ బ్రిడ్జ్ అనే డిఫెండర్ గోల్ కొట్టాడు. 2-1. ఆర్సెనల్ ఇంటికి. ఒకే ఏడు, అవే రెండు జట్లు. 38 మ్యాచుల పరీక్షలో ఒకరు గెలిచారు, రెండు మ్యాచుల పరీక్షలో ఇంకొకరు.

ఆర్సెనల్ ఒక్కటే కాదు. స్పెయిన్‌లో లా కొరూన్యా అనే సముద్రం ఒడ్డు ఊరుంది, అక్కడి జట్టు డిపోర్టివో. క్వార్టర్స్ మొదటి మ్యాచులో మిలాన్ చేతిలో 4-1తో చిత్తయింది. ఆ మిలాన్ అంతకుముందు ఏడు ఛాంపియన్. మాల్దీని, పిర్లో, కాకా, షెవ్‌చెంకో... పేర్లు చదివితేనే సగం జట్లు ఓడిపోతాయి. డిపోర్టివో కోచ్ హావియర్ ఇరురెటా మాత్రం ఈ గండం దాటితే శాంటియాగో డి కంపోస్టెలా పుణ్యక్షేత్రానికి నడిచి వస్తానని మొక్కుకున్నాడు. (మన అలిపిరి మెట్ల మొక్కులాంటిదే. దేవుడు వేరు, మోకాళ్ళు అవే :)) ఏప్రిల్ 7న వాళ్ళ ఊళ్ళో రెండో మ్యాచ్. ఐదో నిమిషంలో పాండియాని, తర్వాత వాలెరాన్, లూకే, చివర్న ఫ్రాన్. 4-0. మిలాన్ ఇంటికి.

దానికి ముందు రోజు రాత్రి ఇంకా విచిత్రం. రియల్ మాడ్రిడ్ అప్పట్లో ఏటా ఒక మహా స్టారుని కొనేది. జిదాన్, ఫిగో, రొనాల్డో (బ్రెజిల్ రొనాల్డో), ఆ ఏడు బెక్‌హమ్. ఇంతమంది ఉంటే మోరియెంటెస్ అనే మంచి స్ట్రయికర్‌కి చోటు లేకుండా పోయింది. "పోయి ఏడాది అక్కడ ఆడుకో నాయనా" అని ఫ్రాన్స్ లీగులో ఆడే మొనాకోకి అప్పిచ్చారు. మన భాషలో చెప్పాలంటే బెంచి మీద ఉన్నవాణ్ణి వేరే ప్రాజెక్టుకి తోసేశారు. మామీద ఆడకూడదని షరతైనా పెట్టుకోలేదు. మొదటి మ్యాచ్ మాడ్రిడ్‌లో 4-2తో రియల్ గెలిచింది. మొనాకో రెండో గోల్ మోరియెంటెస్‌దే. రెండో మ్యాచ్ మొనాకోలో 3-1. అందులోనూ మోరియెంటెస్ ఒకటి కొట్టాడు, మిగతా రెండూ కెప్టెన్ జూలీవి. మొత్తం 5-5. ఎదుటివాడి ఊళ్ళో కొట్టిన గోల్స్ మొనాకోవి ఎక్కువ కాబట్టి రియల్ ఇంటికి. ఆ సీజన్ మొత్తం మీద 9 గోల్స్‌తో అందరికన్నా పైన నిలిచింది కూడా మోరియెంటెస్సే. రిసోర్స్ అలొకేషన్ చేసే మేనేజర్లందరికీ ఆ రెండు మ్యాచులూ ట్రైనింగులో చూపించాలని నా డిమాండ్.

ఇక పోర్టో. వాళ్ళ ప్రీక్వార్టర్ మాంచెస్టర్ యునైటెడ్‌తో. ఇది నాకు బాగా గుర్తు, ఎందుకంటే ఆ రోజుల్లో నేను హైదరాబాదులో రాత్రి షిఫ్టు చేస్తుండేవాణ్ణి. అమెరికా క్లయింటు, ప్రొడక్షన్ సపోర్టు. ఏ జాబ్ ఫెయిలైనా మోగేలా ఒక నోకియా ఫోను జేబులో. మార్చి 9న మాంచెస్టర్‌లో రెండో మ్యాచ్, మనకి తెల్లారితే పదో తారీఖు, రాత్రి ఒంటిగంటా పావుకి మొదలు. కాఫెటీరియాలో టీవీ, నేను, ఒక సెక్యూరిటీ గార్డు. ఆయనకి ఆట తెలియదు, నిద్ర ఆపుకోడానికి చూస్తున్నాడు. "ఎవరు గెలుస్తారు సార్?" అంటే, "ఆ ఎర్రచొక్కాల వాళ్ళే" అన్నాను నమ్మకంగా.

మొదటి మ్యాచ్ పోర్టో 2-1తో గెలిచింది. ఇక్కడ స్కోల్స్ కొట్టి 1-0 చేశాడు. స్కోరు అలాగే ఉంటే అవే గోల్ లెక్కలో యునైటెడ్ ముందుకి. సగం ఆట ముగిసే ముందు స్కోల్స్ ఇంకోటి కొట్టాడు. ఆఫ్‌సైడ్ అని జెండా లేచింది. రీప్లేలో చూస్తే ఆఫ్‌సైడ్ కాదు, శుభ్రమైన గోల్. అది ఇచ్చి ఉంటే కథ అక్కడితో సరి. ఇవ్వలేదు. 90వ నిమిషం. పోర్టోకి ఫ్రీకిక్. మెకార్తీ కొట్టాడు, గోల్‌కీపర్ హోవర్డ్ సరిగ్గా ఆపలేక వదిలేశాడు, కోస్తీన్యా వచ్చి తోసేశాడు. 1-1. పొడుగు కోటు వేసుకున్న పోర్టో కోచ్ ఒకాయన గీత వెంబడి పిచ్చిపట్టినట్టు పరిగెత్తాడు. ఆయన పేరు ఝోసె మొరీన్యో అని అప్పటికి మనలో చాలామందికి తెలియదు. గార్డు నా వైపు చూసి, "ఎర్రచొక్కాలన్నారు సార్" అన్నాడు.

మా కుర్రాడు సరిగ్గా ఇక్కడే పట్టుకున్నాడు. "చూశావా అన్నా, రిఫరీ తప్పు వల్లే కదా గెలిచింది!"

నిజమే. ఆ తప్పుని నేను దాచను. ఆ రాత్రి పోర్టోకి అదృష్టం కలిసొచ్చింది. కానీ అదృష్టం ఒక రాత్రికి వస్తుంది కానీ పదమూడు మ్యాచులకి రాదు. పోర్టో ఆ టోర్నీలో 13 ఆడి 7 గెలిచింది, 5 డ్రా, ఒకే ఒక్కటి ఓడింది. ఆ ఒక్కటీ గ్రూపు దశలో రియల్ మాడ్రిడ్ చేతిలో. తర్వాత మాడ్రిడ్ వెళ్ళి అదే రియల్‌తో 1-1 చేసుకొచ్చింది. నాకౌట్‌లో లియాన్ మీద 2-0, 2-2. సెమీస్‌లో డిపోర్టివోతో 0-0, తర్వాత వాళ్ళ ఊళ్ళోనే 1-0. నాకౌట్‌లో ఒక్క మ్యాచ్ ఓడలేదు. అంతకుముందు ఏడాది, 2003 మేలో, సెవిల్లాలో సెల్టిక్ మీద 3-2తో యూఏఫా కప్పు గెలిచింది. ఆ సీజన్లోనే పోర్చుగల్ లీగు, పోర్చుగల్ కప్పు కూడా. 2004లో మళ్ళీ లీగు. ఇన్ని గాలివాటాలు ఒకే దిక్కుకి వీస్తే దాన్ని గాలివాటం అనరు తమ్ముడూ!

అసలు ఆ జట్టుని కట్టిన పద్ధతి చూడండి. మొరీన్యో 2002 జనవరిలో వచ్చాడు. అంతకుముందు ఆయన కోచింగ్ చేసింది యునియావ్ డి లెయిరియా అనే చిన్న క్లబ్బుకి. అక్కడి నుంచి నూనో వాలెంటె, డెర్లై. విటోరియా సెటూబల్ నుంచి పాలో ఫెరైరా. బెన్ఫికా పక్కనపెట్టేసిన మానీష్. గిమరాయిన్స్ నుంచి పెడ్రో మెండెస్. పైనుంచి కిందికి చూసినా ఒక్కరూ పోస్టర్ మీద వేసుకునే పేరు కాదు, ఒక్క డెకో తప్ప. ఫైనల్లో మొదట దిగిన 11 మందిలో 9 మంది పోర్చుగల్ వాళ్ళే (డెకో పుట్టింది బ్రెజిల్లో, తర్వాత పోర్చుగల్ పౌరుడయ్యాడు). అంటే తమ దేశంలోనే, తమ లీగులోనే, ఎవరూ సరిగ్గా చూడనివాళ్ళని ఏరుకొచ్చి రెండున్నరేళ్ళలో అల్లిన జట్టు. కెప్టెన్ ఝోర్జ్ కోస్టా చిన్నప్పటి నుంచీ ఆ క్లబ్బు మనిషే. పాపం ఆయన 2025 ఆగస్టులో పోయాడు, 53 ఏళ్ళకే. అప్పుడు కూడా ఆ క్లబ్బులోనే పనిచేస్తున్నాడు.

ఫైనల్ గురించి పెద్దగా చెప్పడానికి లేదు. 2004 మే 26, జర్మనీలో గెల్సెన్‌కిర్షెన్. పోర్టో, మొనాకో. మొనాకో కెప్టెన్ జూలీ మొదట్లోనే దెబ్బ తగిలి బయటికెళ్ళిపోయాడు, దాంతో వాళ్ళ పదును పోయింది. 39వ నిమిషంలో కార్లోస్ ఆల్బెర్టో అనే 19 ఏళ్ళ పిల్లాడు, 71లో డెకో, 75లో అలెనిచెవ్. 3-0. నేను రూములో చూస్తున్నాను, మూడో గోల్ తర్వాత మా రూమ్మేట్ లేచి "ఇంక ఆపరా బాబూ" అని లైటు తీసేశాడు. అసలు చూడాల్సింది ఆ తర్వాత ఉంది. కప్పు ఇచ్చే వేదిక మీద మొరీన్యో మెళ్ళో పతకం తీసేసి, పెద్దగా సంబరం లేకుండా పక్కకి వెళ్ళిపోయాడు. వారం తిరక్కుండా చెల్సీ కోచ్‌గా ప్రత్యక్షం.

నా అసలు బాధ ఇక్కడ మొదలవుతుంది.

ఆ ఎండాకాలంలోనే పాలో ఫెరైరా, రికార్డో కార్వాల్యో చెల్సీకి. డెకో బార్సిలోనాకి. పెడ్రో మెండెస్ టోటెన్‌హమ్‌కి. అలెనిచెవ్ మాస్కోకి. ఇంకో ఏడాది తిరిగేసరికి డెర్లై, కోస్తీన్యా, మానీష్ ముగ్గురూ మాస్కోలోనే ఇంకో క్లబ్బుకి, నూనో వాలెంటె ఎవర్టన్‌కి. ఫైనల్ ఓడిన మొనాకోదీ అదే గతి. జూలీ బార్సిలోనాకి, రోతెన్ పారిస్‌కి, మోరియెంటెస్ అప్పు తీరి తిరిగి మాడ్రిడ్‌కి. 2006 జనవరికల్లా ఎవ్రా మాంచెస్టర్‌లో, అడెబయోర్ ఆర్సెనల్‌లో. 2004 ఫైనల్లో ఎదురెదురుగా ఆడిన డెకో, జూలీ ఇద్దరూ 2006లో ఒకే చొక్కా వేసుకుని, బార్సిలోనా తరఫున అదే కప్పు ఎత్తారు. పెద్ద క్లబ్బు వీళ్ళని మైదానంలో ఓడించక్కర్లేదు, గుమ్మంలో చెక్కుబుక్కు పట్టుకుని నిలబడితే చాలు.

ఇది చదివే మీలో చాలామందికి ఇది తెలిసిన కథే అనుకుంటాను. నేను ఒక చిన్న కంపెనీలో పనిచేశాను, పేరెందుకు. ఏడుగురం కలిసి ఏడాదిన్నర కూర్చుని ఒక ప్రాడక్టు తీసుకొచ్చాం. మా కన్నా పదింతలున్న పోటీదారుడి చేతిలోంచి ఒక కస్టమర్‌ని లాక్కొచ్చాం. కేకు కోశాం, ఫొటో దిగాం. మూడు నెలల్లో ఆ ఫొటోలో నలుగురు లేరు. అందులో ఇద్దరు ఆ పోటీదారుడి దగ్గరికే వెళ్ళారు, జీతం ఒకటికి ఒకటిన్నర. వాళ్ళని తప్పు పట్టను. ఒకడికి చెల్లి పెళ్ళి, ఇంకోడికి ఇంటి లోను. కానీ మిగిలిన ముగ్గురం ఆ ప్రాడక్టు రెండో వెర్షన్ ఎప్పటికీ తేలేకపోయాం. ఆ రెండో వెర్షన్ ఎలా ఉండేదా అని ఇప్పటికీ ఒక్కోసారి అనిపిస్తుంది. 2005 పోర్టో ఎలా ఉండేదా అనిపించినట్టే.

ఆ మాటకొస్తే హైదరాబాదుకి ఇది యాభైల నుంచే తెలుసు. సయ్యద్ అబ్దుల్ రహీం గారు తయారు చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు కొట్టింది. మన ఊళ్ళలో తేలిన ఆటగాళ్ళని కలకత్తా క్లబ్బులు తీసుకుపోతూనే ఉండేవి. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్‌కి వెళ్ళి అక్కడ దేవుడయ్యాడు. మన ఊరి ఫుట్‌బాల్ మాత్రం మెల్లగా సన్నగిల్లింది. దానికి ఇంకా కారణాలున్నాయి లెండి, అది వేరే టపా.

మళ్ళీ యూరప్‌కి. ఇప్పుడు మీరు నన్ను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. నాకౌట్ పద్ధతి వల్ల చిన్నవాళ్ళకి తలుపు తెరుచుకుందన్నావు, ఆ పద్ధతి 2023-24 దాకా, అంటే 21 సీజన్లు, అలాగే ఉంది కదా, మరి ఇంకో పోర్టో ఏదీ? మంచి ప్రశ్న. నిజంగానే లేదు. 2004 తర్వాత 2025 దాకా ఇంగ్లండ్, స్పెయిన్, ఇటలీ, జర్మనీ, ఫ్రాన్స్ ఈ ఐదు దేశాల బయటి జట్టు ఒక్కటి కూడా ఫైనల్ మొహం చూడలేదు. సెమీస్ దాకా వచ్చినవే రెండు. 2005లో పీఎస్‌వీ (మొత్తం స్కోరు సమానమై అవే గోల్ లెక్కలో మిలాన్ చేతిలో పోయింది), 2019లో అయాక్స్ (అదనపు సమయం చివర్లో టోటెన్‌హమ్ ఆటగాడు లూకాస్ మౌరా గుండె కోసేశాడు). రెండూ నెదర్లాండ్స్‌వే. అయాక్స్ జట్టు కూడా ఆ ఎండాకాలమే చెదిరింది. డి లిఖ్ట్ యువెంటస్‌కి, డి యాంగ్ బార్సిలోనాకి.

జవాబు మళ్ళీ ఆ లెక్కలోనే ఉంది. ఒక్కో గడపకి 75 పాళ్ళు ఉంటే కప్పు 32 పాళ్ళు అన్నాం కదా. డబ్బు పోసి, ఎదుటివాడి ఆటగాళ్ళని కూడా కొనేసి, ఆ 75ని 85 చేశారనుకోండి. 0.85ని నాలుగుసార్లు హెచ్చవేస్తే 0.52. తలుపు అదే, గడపా అదే. లోపలున్నవాడు బలిసిపోయాడంతే. 2018-19 నుంచి పెద్ద నాలుగు లీగులకి తలా నాలుగు బెర్తులు ఖాయం చేసేశారు. గెలిచినా గెలవకపోయినా ఏటా వచ్చే డబ్బు, ఆ డబ్బుతో మళ్ళీ బలం.

ఇంత చేశాక కూడా వాళ్ళకి నిద్ర పట్టలేదు! 2021 ఏప్రిల్‌లో 12 పెద్ద క్లబ్బులు సూపర్ లీగ్ అని వేరు కుంపటి ప్రకటించాయి. వ్యవస్థాపక జట్లకి ఓడినా గెలిచినా చోటు ఖాయం. అభిమానులు వీధుల్లోకి వస్తే రెండు రోజుల్లో ఇంగ్లండ్ క్లబ్బులు ఆరూ వెనక్కి తగ్గాయి. అదే ఏడు యూఏఫా అవే గోల్ నిబంధన ఎత్తేసింది. దాని మీద నాకు పెద్ద పట్టింపు లేదు. కానీ ఆ నిబంధనే లేకపోతే 2004లో మొనాకో ఆ రాత్రి రియల్‌తో ఇంకో అరగంట ఆడాల్సొచ్చేది.

2024-25 నుంచి మొత్తం అచ్చే మార్చారు. 36 జట్లు, ఒకే పెద్ద పట్టిక, ఒక్కొక్కరికి 8 మ్యాచులు. మొదటి 8 నేరుగా ప్రీక్వార్టర్స్‌కి. 9 నుంచి 24 దాకా ప్లేఆఫ్ ఆడుకోవాలి. అంటే 36 మందిలో ఇంటికి పోయేది 12 మందే. ఆ మొదటి ఏడు పట్టిక చూడండి: రియల్ మాడ్రిడ్ 11, బయర్న్ 12, పారిస్ 15, మాంచెస్టర్ సిటీ 22. ఇంతింత చతికిలబడ్డా ఒక్కరికీ తలుపు మూసుకోలేదు. పదిహేనో స్థానంలో తేలిన పారిసే చివరికి కప్పు కొట్టింది. ప్లేఆఫ్‌తో కలిపి ఆడిన మ్యాచులు ఎన్నో తెలుసా? 17. ఇరవై రెండేళ్ళ కింద వద్దనుకుని తీసేసిన అంకె, ఇంకో దారిలో లోపలికొచ్చింది.

పారిస్ ఆ కప్పుకి అర్హులు కాదని నేననను. ఇంటర్‌ని ఫైనల్లో 5-0 కొట్టినవాళ్ళని ఏమంటాం! కొత్త పద్ధతిలో చిన్న జట్లకి కూడా ఎనిమిది మ్యాచులు, వాటి డబ్బులు వస్తాయి, అది మంచిదే. కానీ 8 మ్యాచులు, 24వ స్థానం దాకా రక్షణ, వీటిని ఎవరి కోసం డిజైన్ చేశారో చెప్పడానికి పెద్ద ఆర్కిటెక్ట్ అక్కర్లేదు. ఎప్పుడో ఒకసారి పెద్దవాడు తడబడితే కింద పడకుండా వల కట్టారు. చిన్నవాడికి కావాల్సింది సరిగ్గా ఆ తడబాటే. 2004 వసంతంలో మిలాన్, రియల్, ఆర్సెనల్, యునైటెడ్ నలుగురూ తడబడ్డారు. కింద వల లేదు. పడ్డారు. నన్నడిగితే గ్రూపు మ్యాచులు ఆరే ఉండాలి, సగం మంది ఇంటికి పోవాలి, ఆటగాణ్ణి అమ్ముకున్న చిన్న క్లబ్బుకి వాడు తర్వాత గెలిచే ప్రతి ప్రైజు మనీలోనూ వాటా పోవాలి. ఎవరూ నన్నడగరనుకోండి, అది వేరే విషయం.

ఇదంతా మా కుర్రాడికి మర్నాడు టీ దగ్గర మళ్ళీ చెప్పాను. వాడు బుద్ధిగా విన్నాడు. విని, కప్పు డస్ట్‌బిన్‌లో పడేస్తూ, "అంతా సరే గానీ అన్నా, డెకో ప్లేసులో నువ్వుంటే? బార్సిలోనా పిలిస్తే?" అన్నాడు.

"వెళ్ళేవాణ్ణే" అన్నాను.

వాడు నవ్వాడు. వాడి దగ్గర కూడా ఒక ఆఫర్ లెటర్ ఉందని మా మేనేజర్‌కి ఇంకా తెలియదు.